చాఫ్ కట్టర్ (గడ్డి ముక్కలు చేసే మెషీన్) మోటర్‌కి 3 అంగుళాల పుల్లీ తీసి 4 అంగుళాలది వేస్తే మోటర్ ఎక్కట్లేదు. టార్క్ పెరగాలి కదా?

పచ్చగడ్డి:

అందరికీ నమస్కారం. చేత్తో తిప్పే పెద్ద చక్రం చాఫ్ కట్టర్‌కి మోటర్ బిగించి వాడుతున్నాం. వివరాలు ఇవీ.

మోటర్ సింగిల్ ఫేజ్, 2 హెచ్‌పీ, 1440 ఆర్పీఎం, కెపాసిటర్ స్టార్ట్. చక్రం పోత ఇనుముది, అడ్డంగా కొలిస్తే 42 అంగుళాలు, రెండు కత్తులు. చక్రం షాఫ్ట్ మీద 18 అంగుళాల పుల్లీ, ఏ సెక్షన్ (A సైజు వీ) బెల్టు. మోటర్ మీద ఇంతకుముందు 3 అంగుళాల పుల్లీ ఉండేది. సూపర్ నేపియర్ గడ్డి ఎక్కువ కోయాల్సి వస్తోందని స్పీడ్ కోసం 4 అంగుళాలది వేశాం.

ఇప్పుడు స్విచ్ వేస్తే మోటర్ మూలుగుతూ చాలాసేపటికి గానీ స్పీడ్ అందుకోవట్లేదు. సాయంత్రం పూట వోల్టేజీ 180కి పడితే ఎంసీబీ (కరెంట్ ఎక్కువైతే తనంతట తానే ఆపేసే స్విచ్) పడిపోతోంది. గడ్డి ఇంకా పెట్టకముందే ఇదీ పరిస్థితి.

నా డౌట్ ఏంటంటే, టార్క్ అంటే బలం × దూరం అని కదా చదువుకున్నాం. పుల్లీ పెద్దదైతే దూరం పెరిగింది, మరి టార్క్ పెరగాలి. తగ్గినట్టు ఎందుకు ఉంది? తేలిక చక్రం వేస్తే సమస్య తీరుతుందా?

గట్టుమీద:

3 అంగుళాలది మళ్ళీ బిగించేయండి. ఎందుకో కింద ఎవరో ఒకరు లెక్కేసి చెప్తారు.

లెక్కల మాస్టారు:

సూత్రం కరెక్టేనండీ, దాన్ని వాడిన చోటే తేడా. స్పానర్‌తో నట్టు తిప్పేటప్పుడు మీ చేతి బలం ఇంతే అని ఉంటుంది, అందుకే పిడికి పైపు తొడిగితే టార్క్ పెరుగుతుంది. మోటర్‌లో అలా కాదు. అక్కడ ఇంతే అని ఉండేది టార్క్. పుల్లీ పెద్దదైతే బెల్టుని లాగే బలం తగ్గుతుంది.

మీ అంకెలతోనే చూద్దాం. 2 హెచ్‌పీ అంటే సుమారు 1500 వాట్లు. 1440 ఆర్పీఎంని రేడియన్లలోకి మారిస్తే (2 × 3.14 × 1440 ÷ 60) సెకనుకి 150.8 రేడియన్లు. పవర్ = టార్క్ × కోణీయ వేగం కాబట్టి ఫుల్ లోడ్ టార్క్ 1500 ÷ 150.8, అంటే సుమారు 10 న్యూటన్ మీటర్లు. మోటర్ మీద ఏ పుల్లీ పెట్టినా ఇది మారదు.

3 అంగుళాల పుల్లీకి వ్యాసార్థం 0.038 మీటర్లు. బెల్టు మీద బలం 10 ÷ 0.038 = 262 న్యూటన్లు. 4 అంగుళాలదైతే వ్యాసార్థం 0.051, బలం 197 న్యూటన్లు. ఈ బలం చక్రం వైపున్న 18 అంగుళాల పుల్లీ అంచున, అంటే 0.229 మీటర్ల దూరంలో పనిచేస్తుంది. ముందు 262 × 0.229 = 60 న్యూటన్ మీటర్లు వచ్చేది, ఇప్పుడు 197 × 0.229 = 45. మీరు చెప్పిన "దూరం" పెరగాల్సింది ఈ చివర. మీరు పెంచింది ఆ చివర. అడ్డదారిలో చెప్పాలంటే పుల్లీల నిష్పత్తి 6 నుంచి 4.5కి దిగింది, టార్క్ కూడా అదే వరసలో దిగింది. చక్రం స్పీడ్ 240 నుంచి 320 ఆర్పీఎంకి ఎక్కింది.

అయితే టార్క్ నాలుగో వంతు తగ్గినంత మాత్రాన ఎంసీబీ పడిపోవాల్సిన పని లేదు. అసలు దెబ్బ జడత్వ భ్రామకం (తిరిగే వస్తువు తన వేగం మారకుండా మొరాయించే గుణం) దగ్గర పడింది.

తిరిగే వస్తువుకి కోణీయ త్వరణం = టార్క్ ÷ జడత్వ భ్రామకం. బరువు ఎంత అన్నదాని కన్నా ఆ బరువు ఇరుసుకి ఎంత దూరంలో ఉంది అన్నదే ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే దూరం వర్గమై లెక్కలోకి వస్తుంది. మీ చక్రం అంచు 40 కిలోలు, అది ఇరుసుకి సగటున అర మీటరు దూరంలో ఉందనుకుంటే 40 × 0.5 × 0.5 = 10. చక్రం ఆకులు (అంచుని ఇరుసుకి కలిపే కడ్డీలు), కత్తులు, 18 అంగుళాల పుల్లీ కలిపి ఇంకో 2 వేసుకుందాం. మొత్తం 12 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్. మోటర్ రోటర్‌ది ఇందులో లెక్కకి రానంత తక్కువ.

స్టార్టింగ్‌లో మోటర్ తన ఫుల్ లోడ్ టార్క్ కన్నా ఎక్కువే ఇస్తుంది. ఎక్కేంతవరకూ సగటున 18 న్యూటన్ మీటర్లు అనుకోండి, రాపిడికి చక్రం షాఫ్ట్ దగ్గర 5 పోతుందనుకోండి.

3 అంగుళాల పుల్లీతో: 18 × 6 = 108, రాపిడి పోను 103. త్వరణం 103 ÷ 12 = 8.6. సెకనుకి 25.1 రేడియన్లు (240 ఆర్పీఎం) చేరడానికి 2.9 సెకన్లు.

4 అంగుళాలతో: 18 × 4.5 = 81, రాపిడి పోను 76. త్వరణం 6.3. చేరాల్సింది 33.5 రేడియన్లు. పట్టే టైమ్ 5.3 సెకన్లు.

టార్క్ తగ్గింది, చేరాల్సిన వేగం పెరిగింది. రెండూ ఒకేసారి. రాపిడి వదిలేస్తే టైమ్ నిష్పత్తి వర్గానికి తగ్గట్టు 1.78 రెట్లు అవుతుంది. రాపిడి కలిస్తే ఇంకాస్త ఎక్కువ.

వైండింగ్ షాపు:

మాస్టారు గారి లెక్కకి వోల్టేజీ కూడా కలపాలి. ఇండక్షన్ మోటర్ టార్క్ వోల్టేజీ వర్గానికి తగ్గట్టు మారుతుంది. 230కి బదులు 180 వస్తే 0.61 వంతే మిగులుతుంది. 18 ఇచ్చేది 11 ఇస్తుంది. అదే లెక్కలో వేస్తే 3 అంగుళాల పుల్లీతో 4.9 సెకన్లు, 4 అంగుళాలతో 9 సెకన్లు. ఆ 9 సెకన్లూ మోటర్ నేమ్ ప్లేట్ మీదున్న కరెంట్‌కి నాలుగైదు రెట్లు లాగుతూనే ఉంటుంది. ఎంసీబీ పడిపోకపోతేనే ఆశ్చర్యం. పెద్ద ఎంసీబీ మాత్రం వేయొద్దు అన్నా, అది పడిపోతోంది కాబట్టే వైండింగ్ ఇంకా బతికుంది.

సింగిల్ ఫేజ్‌లో ఇంకో తిరకాసు ఉంది. స్టార్టింగ్ వైండింగ్‌నీ, కెపాసిటర్‌నీ లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ దాదాపు 75 శాతం స్పీడ్ వచ్చాక కట్ చేస్తుంది. ఆ కెపాసిటర్ ఎలక్ట్రోలైటిక్ రకం, కొద్ది సెకన్ల పనికే చేసింది. ఆరేడు సెకన్లు లైన్లో ఉంటే లోపల వేడెక్కి ఉబ్బుతుంది. మీ మోటర్ మీద కెపాసిటర్ డబ్బా మూత విప్పి చూడండి. పైన ఉబ్బి ఉన్నా, జిగట కారినా మార్చేయాల్సిందే. మైక్రోఫారడ్ విలువ పాతదే వేయండి. విప్పే ముందు సప్లై తీసేసి, ఒక బల్బు ద్వారా డిశ్చార్జ్ చేయండి.

ఎక్కిన తర్వాత కూడా లోపల టక్ టక్ మని చప్పుడు వస్తోందా? వస్తే, స్విచ్ కట్ అయ్యాక లోడ్ వల్ల స్పీడ్ పడిపోయి మళ్ళీ కలుస్తోందని అర్థం. అలా కాసేపు నడిస్తే కాంటాక్టులు కాలిపోతాయి.

వైరు కూడా చూసుకోండి. బోర్డు నుంచి షెడ్డుకి 40 మీటర్లు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగితే రానూపోనూ నిరోధం దాదాపు 0.6 ఓమ్. స్టార్టింగ్ కరెంట్ 50 ఆంపియర్లు అనుకుంటే వైర్లోనే 30 వోల్టులు పోతాయి. బోర్డు దగ్గర 230 ఉన్నా మోటర్ దగ్గర 200, అంటే టార్క్‌లో నాలుగో వంతు గల్లంతు. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే 18 వోల్టులతో సరిపోతుంది. వోల్టేజీ కొలిచేటప్పుడు మోటర్ టెర్మినల్స్ దగ్గర, అదీ స్టార్ట్ అవుతున్నప్పుడే కొలవండి. మోటర్ ఆగి ఉన్నప్పుడు మీటర్ ఎప్పుడూ మంచి అంకే చూపిస్తుంది.

ట్రాక్టర్ తమ్ముడు:

చక్రం ఎంత బరువుంటే మోటర్‌కి అంత పవర్ కలిసొస్తుంది అంటారు కదా. తేలిక చక్రం వేయకూడదు, ఇంకా బరువు కట్టాలి అని నా అభిప్రాయం.

లెక్కల మాస్టారు:

తమ్ముడూ, చక్రం పవర్‌ని పుట్టించదు, దాచిపెట్టి ఇస్తుంది. మోటర్ ఇచ్చిందే అందులో ఉంటుంది. కాకపోతే ఆ దాచడం ఈ మెషీన్‌కి ప్రాణం లాంటిది, కాబట్టి తేలిక చక్రం వద్దన్న మీ మాట సగం నిజమే.

కత్తి గడ్డిలో దిగేది ఒక్క క్షణమే. రెండు కత్తులు, 240 ఆర్పీఎం అంటే సెకనుకి 8 కోతలు. 1500 వాట్లని 8తో భాగిస్తే సగటున ఒక్కో కోతకి 187 జౌళ్ళు. చక్రంలో నిల్వ ఉన్న శక్తి సగం × జడత్వ భ్రామకం × కోణీయ వేగం వర్గం, అంటే 0.5 × 12 × 632 = 3790 జౌళ్ళు. కోతలో 187 పోతే స్పీడ్ రెండున్నర శాతం పడుతుంది, 240 నుంచి 234కి. మోటర్‌కి ఆ దెబ్బ తెలియను కూడా తెలియదు. నేపియర్ ముదురు కాడలు కట్టగా పడి ఒక కోత 600 జౌళ్ళు తిన్నా 220 దగ్గర నిలబడి మళ్ళీ కోలుకుంటుంది. జడత్వ భ్రామకం 3 ఉన్న చక్రం వేస్తే నిల్వ 950 జౌళ్ళే. అదే కట్టకి స్పీడ్ 145కి పడిపోతుంది, బెల్టు జారుతుంది, మోటర్ మూలుగుతుంది. స్టార్టింగ్ మాత్రం సుఖంగా ఉంటుంది.

ఇంకా బరువు కడితే స్టార్టింగ్ టైమ్ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అసలు సమస్యే అది. కాబట్టి చక్రాన్ని ముట్టుకోవద్దు.

పచ్చగడ్డి గారూ, మీరు స్పీడ్ పెంచింది ఎక్కువ కోయాలని కదా. గడ్డిని నోట్లోకి లాగే రోలర్లు చక్రంతో గేర్ల ద్వారా కలిసి ఉంటాయి కాబట్టి ముక్క పొడవు మారదు, కోతల సంఖ్య పెరుగుతుంది. 320 ఆర్పీఎంలో సెకనుకి 10.7 కోతలు. ఒక్కో కోత అవే 187 జౌళ్ళు అడిగితే 2000 వాట్లు కావాలి. మోటర్ 1500ది. నోరు నిండా పెట్టకుండా మూడొంతులు పెట్టి కోస్తే సరిపోతుంది, కానీ అప్పుడు గంటకి కోసే గడ్డి పాతంతే.

పచ్చగడ్డి:

చాలా థ్యాంక్స్ అండీ. బెల్టు బలం సంగతి ఇప్పుడు అర్థమైంది. కెపాసిటర్ పైన కొంచెం ఉబ్బే ఉంది, మారుస్తాం. రెండు ప్రశ్నలు. జడత్వ భ్రామకం 12 అని అంచనా వేశారు, దాన్ని కొలవొచ్చా? 3 హెచ్‌పీ వేస్తేనో, 960 ఆర్పీఎం మోటర్ వేస్తేనో 4 అంగుళాల పుల్లీ నడుస్తుందా?

లేత్ పని:

కొలవడం తేలికే. ముందు మోటర్ ప్లగ్ పీకేయండి, బెల్టు తీసేయండి, కత్తులు విప్పేయండి. కత్తులతో ఈ పని చేయొద్దు. కత్తుల లెక్క తర్వాత కలుపుకోవచ్చు, ఒక్కోటి బరువు × ఇరుసుకి దూరం వర్గం. కిలోన్నర కత్తి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 0.135, రెండింటికీ కలిపి 0.27. అంతే. రోలర్ల గేరుని న్యూట్రల్లో పెట్టండి.

18 అంగుళాల పుల్లీ గాడిలో సన్నని నైలాన్ తాడు ఒక చివర బిగించి మూడు నాలుగు చుట్లు చుట్టండి. రెండో చివర చిన్న బకెట్ కట్టి వేలాడదీయండి. ఇసుక కొంచెం కొంచెంగా పోస్తూ చక్రాన్ని చేత్తో కాస్త కదిలించండి. బకెట్ స్పీడ్ పెరగకుండా, ఆగకుండా, ఒకే తీరున దిగే బరువు దొరికేదాకా పోయండి. అది రాపిడి. 2 కిలోలు వచ్చిందనుకోండి, 2 × 9.81 × 0.229 = 4.5 న్యూటన్ మీటర్లు.

ఇప్పుడు ఇంకో 10 కిలోలు కలిపి మొత్తం 12 చేయండి. చక్రం పట్టుకుని, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో బకెట్ అడుగు ఉండేలా పెట్టి, నెట్టకుండా వదలండి. నేలకి తగిలేదాకా టైమ్ చూడండి. కింద గోనె సంచి వేయండి, కాలు పెట్టకండి.

2.7 సెకన్లు పట్టిందనుకుందాం. త్వరణం = 2 × 1.5 ÷ (2.7 × 2.7) = 0.41. జడత్వ భ్రామకం = వ్యాసార్థం వర్గం × (10 × 9.81 ÷ త్వరణం − 12). అంటే 0.0523 × (239 − 12), దాదాపు 12. చివరి 12ని తీసేయడం దేనికంటే బకెట్ కూడా వేగం పుంజుకుంటోంది కాబట్టి దాని బరువు మొత్తం తాడుకి అందదు. ఈ చక్రం విషయంలో దాని ప్రభావం 5 శాతమే, చిన్న చక్రాలకైతే పెద్దదే అవుతుంది.

టైమ్‌లో 0.2 సెకన్ల తప్పు జరిగితే జవాబులో 15 శాతం తప్పు వస్తుంది, టైమ్ వర్గమవుతుంది కదా. ఫోన్లో వీడియో తీసి ఫ్రేములు లెక్కపెడితే నయం. అయిదారుసార్లు చేసి సగటు తీయండి. వ్యాసార్థం కూడా తాడు నిజంగా కూర్చున్న చోట కొలవాలి, గాడిలోకి దిగితే 9 అంగుళాల కన్నా తక్కువే ఉంటుంది. అసలు బెల్టు లెక్కల్లో కూడా పుల్లీ బయటి కొలత కాదు, బెల్టు నడిచే కొలత వాడాలి. 3 అంగుళాల పుల్లీలో ఆ తేడా ఎక్కువే కనిపిస్తుంది.

మోటర్ సంగతి. 3 హెచ్‌పీ, 1440 అంటే 14.6 న్యూటన్ మీటర్లు. 4 అంగుళాల పుల్లీతో మంచి వోల్టేజీలో 3.6 సెకన్లలో ఎక్కుతుంది, 180లో దాదాపు ఆరు సెకన్లు. స్టార్టింగ్ కరెంట్ కూడా ఒకటిన్నర రెట్లు, అంటే పైన వైండింగ్ షాపు వారు చెప్పిన వైరు సమస్య ఇంకా ముదురుతుంది.

2 హెచ్‌పీ, 960 అయితే టార్క్ 14.9. వినడానికి బాగుంటుంది. కానీ చక్రాన్ని అదే 240లో తిప్పాలంటే నిష్పత్తి 4 కావాలి, అంటే 4.5 అంగుళాల పుల్లీ, చక్రం దగ్గర మళ్ళీ అదే 60 న్యూటన్ మీటర్లు. హెచ్‌పీ అదే, చక్రం స్పీడ్ అదే అయితే అక్కడ టార్క్ కూడా అదే, మధ్యలో ఏ పుల్లీలు పెట్టినా సరే. లాభమల్లా పెద్ద పుల్లీ మీద బెల్టు తక్కువ వంగడం, పట్టు బాగుండటం. ఆ కాస్తకి మోటర్ మార్చడం దండగ.

మధ్యేమార్గం కావాలంటే 3.5 అంగుళాల పుల్లీ. చక్రం 280 ఆర్పీఎం, మంచి వోల్టేజీలో 4 సెకన్లు, 180లో ఏడు. పగటి పూట మాత్రమే కోస్తామంటే వేయండి, సాయంత్రం కోతైతే 3 అంగుళాలే. 3 కన్నా కిందికి మాత్రం దిగకండి, ఏ సెక్షన్ బెల్టు అంతకన్నా చిన్న పుల్లీ మీద వంగి వంగి లోపల పగులుతుంది.

పుల్లీ బిగించేటప్పుడు కీ (షాఫ్ట్‌కీ పుల్లీకీ మధ్య గాడిలో దూర్చే ఇనుప ముక్క) కచ్చితంగా వేయండి. స్టార్టింగ్‌లో మోటర్ 20 న్యూటన్ మీటర్లు ఇస్తే, 24 మిల్లీమీటర్ల షాఫ్ట్ అంచున అది 1670 న్యూటన్లు, సుమారు 170 కిలోల బరువు. చక్రం వైపు 25 మిల్లీమీటర్ల షాఫ్ట్ అయితే దాని ఆరు రెట్లు, టన్ను దాకా. ఒక్క గ్రబ్ స్క్రూని (పుల్లీలోంచి షాఫ్ట్‌ని నొక్కే తల లేని స్క్రూ) నమ్ముకుంటే అది షాఫ్ట్ మీద గీత గీసుకుంటూ తిరుగుతుంది, బెల్టు జారుతోందని మీరు బెల్టుని బిగిస్తూ ఉంటారు. బెల్టు బిగువు చూడాలంటే రెండు పుల్లీల మధ్య నడిమిన బొటనవేలితో నొక్కండి. షాఫ్టుల మధ్య 30 అంగుళాలు ఉంటే 12 మిల్లీమీటర్లు దిగాలి. అంతకన్నా గట్టిగా బిగిస్తే మోటర్ బేరింగ్ పోతుంది.

గట్టుమీద:

320లో కొన్నాళ్ళు నడిపారు కాబట్టి కత్తుల బోల్టులు ఒకసారి చూసుకోండి. కిలోన్నర కత్తిని 30 సెంటీమీటర్ల దూరంలో పట్టి ఉంచడానికి 240లో 284 న్యూటన్లు చాలు, 320లో 505 కావాలి. వదులైన బోల్టు ఉంటే స్ప్రింగ్ వాషర్‌తో సహా కొత్తది వేయండి. రెండు కత్తులూ ఒకే బరువు ఉండాలి, ఒకటి పదును పెట్టీ పెట్టీ అరిగిపోయి రెండోది కొత్తదైతే అదురు మొదలవుతుంది.

స్విచ్ ఆపాక రాపిడి ఒక్కటే దాన్ని ఆపాలి. 5 న్యూటన్ మీటర్ల రాపిడితో, 12 జడత్వ భ్రామకంతో 240 నుంచి ఆగడానికి నిమిషం, 320 నుంచి 80 సెకన్లు. కరెంట్ పోయినప్పుడు కూడా అంతే. నోట్లో ఇరుక్కున్న గడ్డి లాగాలంటే చక్రం పూర్తిగా ఆగాక, ఆకుల మధ్య కర్ర అడ్డం పెట్టాకే చెయ్యి పెట్టండి.